కిమ్ దారిన వార్తాహరులు

సూరతునుండి భరూచికి పోవు రైలుబండిలో కూర్చున్నవారికి సాయన్ దాటిన పిమ్మట కిమ్ అను చిన్న స్టేషను తగులును. ఊరి పేరును, చెంత పాఱు నది పేరును ఒక్కటే. సంస్కృతము చదివినవారి చెవికి అది ప్రశ్నవలె వినబడును. కిమ్? ఏమున్నది ఇచ్చట?

ఉన్నది దారి. సూరతు రేవునుండి అహమ్మదాబాదునకు బయలుదేరిన వార్తాహరుడు తపతిని దాటి, కిమ్ నదిని దాటి, నర్మదను గూడ దాటినగాని భరూచి చేరజాలడు. ఓడ దిగిన సరకు ధరయు, దర్బారు కబురును ఇట్టివారి కాళ్లమీదనే ప్రయాణము చేసినవి. ఆంగ్ల వర్తకుల లేఖలలో వీరికి కాసిదులనియు, పట్టమారులనియు పేర్లు.

వీరి పరుగు ఎట్టిదో ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే వర్ణించినాడు. 1652లో మచిలీపట్టణమున దిగి, మన కడప సీమలోని గండికోటకు పోయి మీర్ జుమ్లాను దర్శించినవాడాతడు. గుఱ్ఱపు రౌతుకంటె కాలిబంటే త్వరగా పోవునని ఆతని మాట. రెండేసి లీగుల కొక గుడిసె. అందు పరుగునకు సిద్ధముగా మనుష్యులు. వచ్చినవాడు జాబును చేతికియ్యడు, అది అపశకునమట. గుడిసె వాకిట పడవైచును. రెండవవాడు దానిని తీసికొని పరుగిడును. ఫైళ్లను బల్లనుండి బల్లకు త్రోయు మన సెక్రటేరియటు వారికి ఆ పద్ధతి అంత వింతగా తోపదు! 'అంచెలంచెలుగా' అను పలుకుబడి మన భాషలో నేటికిని నిలిచియున్నది. అంచె యనగా ఇట్టి మజిలీయే.

సూరతునకును తెలుగు రేవునకును నడుమ గూడ గోలకొండ మీదుగా జాబులు నడచెను. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమునను, తరువాత కొలది కాలమునకే సూరతులోను వర్తకస్థానములు నెలకొల్పిరి. మచిలీపట్టణమున పనిచేసిన మెత్‌వోల్డు 1633లో సూరతు కోఠీకి అధ్యక్షుడాయెను. కృష్ణాతీరమున కొల్లూరు గనులయొద్ద బనియా వర్తకులు వజ్రములు కొనుచుండిరి. ఆనాడు మన రాళ్లు పడమటికి పోయినవి. నేడు పరదేశపు ముడిరాళ్లు సూరతులో సానపట్టబడుచున్నవి. అదే నగరమున మన తెలంగాణపు పద్మశాలీలు మగ్గములు నడుపుచున్నారు.

1860 ఫిబ్రవరి 10వ తేదీన బొంబాయి–బరోడా రైలు కంపెనీవారి మొట్టమొదటి మార్గము, అంకలేశ్వరమునుండి ఉత్రాణ్ వఱకు 29 మైళ్లు, తెఱవబడెను. కిమ్ ఆ 29 మైళ్లలోనిదే. 1864 నాటికి పట్టాలు బొంబాయికి చేరెను. కాలిబంటు పని సన్నగిల్లెను. అంగడియా మాత్రము రైలెక్కెను.

అంగడియా యనగానే మనకు అంగడి గుర్తునకు వచ్చును గాని, ఆతడు దుకాణమున కూర్చుండువాడు కాడు. వజ్రముల పొట్లములు, నగలు, రొక్కము ఒక ఊరినుండి మఱియొక ఊరికి చేర్చుట ఆతని వృత్తి. అంచెలో జాబు పదిచేతులు మాఱును. పోయినచో ఎవనియొద్ద పోయినదో తేల్చుట కష్టము. అంగడియా సంస్థయో, పొట్లము నందుకొన్నది మొదలు అప్పగించువఱకు తానే పూచీ. పోయినచో విలువ చెల్లించుట వాడుక. పెద్ద పత్రములుండవు. అందుచేతనే మెహసానా ప్రాంతపు గ్రామములనుండి తామెఱిగిన కుటుంబములవారినే పెక్కుమందిని ఈ పనికి తీసికొనుచుందురు. తప్పుచేసినవానికి ఉద్యోగముతోపాటు ఊరిలో తలయెత్తుకొను యోగ్యతయు పోవును. కొద్దిపాటి జీతగాడు, తన యావజ్జీవితములో సంపాదింపలేని సొత్తును ఒడిలో నుంచుకొని, దొంగల భయమున రాత్రియెల్ల మేల్కొని కూర్చుండుట సామాన్యము కాదు. కోటలు పట్టినవారి కథలలో నాకింతటి గుండెదిటవు అరుదుగా కనబడినది.

ప్రభుత్వమునకు ఇట్టి పోటీ రుచింపదు గదా. 1837 చట్టముతో జాబులు మోయు గుత్తాధికారమును కంపెనీ ప్రభుత్వము కైకొనెను. 1898 నాటి తపాలా చట్టము దానిని నిలుపుకొనెను. అయినను రెండు మినహాయింపులు గమనింపదగినవి. సరకుతోపాటు పోవుచు ఆ సరకునుగూర్చియే వ్రాయబడి, వేఱు కూలి లేని జాబునకు తప్పు లేదు. ప్రయాణమైన మిత్రుడు ప్రతిఫలము లేక అందజేయు జాబునకును తప్పు లేదు. వేసవి సెలవులకు ఊరికి పోయివచ్చుచు ఇరుగుపొరుగువారి ఆవకాయ జాడీలను, వానితో ఉత్తరములను మోసిన మన కుటుంబములన్నియు ఆ మినహాయింపు నీడనే బ్రతికినవి. 2023 నాటి క్రొత్త తపాలా చట్టము ఆ గుత్తాధికారమునే వదలుకొనెను. అది 2024 జూన్ 18న అమలునకు వచ్చెను. ఆ రాత్రియు గుజరాత్ మెయిలు కిమ్ స్టేషనులో ఆగక, ఎప్పటివలెనే బొంబాయి వైపు సాగిపోయియుండును.