గొంతెత్తిన ఆడోళ్లు – 6: బెల్లి లలిత పాట ఎక్కడ?



గత భాగంలో అమెరికా బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ గురించి రాశాను. చదివిన ముంచింగిపుట్టు పిల్లలు కొందరు ఒకే ప్రశ్న అడిగారు: మన దగ్గర అట్లాంటి ఆడమనిషి ఎవరూ లేరా?

ఉంది. భువనగిరి మనిషి, బెల్లి లలిత. మన కొండలకు చాలా దూరం అనుకోవద్దు. బ్లూస్ అంటే ఒక రాగం పేరు కాదు. బానిసత్వం చట్టంలో రద్దయ్యాక కూడా అప్పు కింద, పాలు కింద పత్తి చేలల్లో నలిగిన నల్లవాళ్లు తమ బతుకును తామే పాడుకున్న పద్ధతి అది. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు బదులు పలికే పనిపాట దానికి ఒక వేరు. నాట్లేసే చోట, ఒగ్గు కథ చెప్పే చోట మనవాళ్లు చేసేదీ అదే.

లలిత 1974లో నల్గొండ జిల్లాలో పేద కురుమ కుటుంబంలో పుట్టింది. ఆమె దళిత కాదు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. గొర్లు కాసే కులం. కానీ చేతిలో భూమి లేక మిల్లు గేటు దగ్గర నిలబడ్డవాళ్లందరూ నా వరసలో ఉంటారు, నేను అట్లాగే రాస్తాను.

కురుమల చరిత్ర పుస్తకాల్లో లేదు, ఒగ్గు కథలో ఉంది. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రి పొద్దుపోయేదాకా చెబుతారు. ప్రధాన కథకుడు గొంతెత్తి అందుకుంటాడు, పక్కనున్నవాళ్లు వంత పలుకుతారు, డోలు, తాళాలు నడిపిస్తాయి. మైకు లేని కాలంలో ఊరి చివరి ఇంటికి వినపడాలి కాబట్టి ఆ గొంతు పైస్థాయిలోనే ఉంటుంది. అయితే అది మగవాళ్ల కళ. ఆడపాత్ర వచ్చినా ఎక్కువగా మగవాడే కొంగు కప్పుకుంటాడు. అట్లాంటి కులంలో పుట్టిన ఆడపిల్ల వేలమంది ముందు వేదికెక్కి పాట అందుకోవడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. దీని గురించి మన సంగీత విమర్శకులు రాసింది ఎంత?

భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లు కూలీగా పనిచేస్తూనే ఆమె కార్మికుల మధ్య పాటకు వచ్చింది. పాడటానికి కావలసినంత నల్గొండలోనే ఉంది. కృష్ణా నది జిల్లా పక్క నుంచే పోతుంది, నాగార్జునసాగర్ అక్కడే ఉంది, ఊళ్లలో మాత్రం ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల ఎముకలు వంకర పోయాయి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. జిల్లా పేరు ప్రపంచానికి పోయింది, మంచినీళ్లు మాత్రం ఇంటికి రాలేదు. ఇంకోపక్క, ఆడవాళ్లు సారా వ్యతిరేక పోరాటం చేసి 1995లో తెచ్చుకున్న మద్యనిషేధాన్ని 1997లో ప్రభుత్వం ఎత్తేసింది.

ఆ 1997 మార్చిలోనే భువనగిరిలో తెలంగాణ మీద పెద్ద సభ జరిగింది. మలిదశ ఉద్యమం లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టేవాళ్లు చాలామంది. నెల తిరగకుండా ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాయి. పాడితే తూటా వస్తుందని అందరికీ తెలిసిన రోజులవి. లలిత తెలిసే పాడింది. తెలంగాణ కళాసమితిని నిలబెట్టినవాళ్లలో ఆమె ఒకతె.

1999 మే 26న ఆమెను ఎత్తుకుపోయి చంపారు. శరీరాన్ని 17 ముక్కలు చేశారు. అప్పటికి ఆమెకు 25 ఏళ్లు. నయీం ముఠా పనేనని ఉద్యమకారులు ఆరోపించారు. ఆ నయీం 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. కోర్టు బోనులో అతను చెప్పాల్సినవన్నీ అతనితోనే పోయాయి.

ఇక్కడే నా కోపం. బెల్లి లలిత అనగానే ఏ విద్యార్థి సంఘం పిల్లాడైనా 17 అనే అంకె చెబుతాడు. ఆమె పాటల్లో ఒకటి పాడమంటే తల దించుకుంటాడు. బెస్సీ స్మిత్‌కూ ఇదే జరిగింది. 1923 నుంచి 1931 వరకు కొలంబియా కంపెనీకి ఆమె దాదాపు 160 పాటలు పాడింది, రాయల్టీ రాలేదు. 1937లో మిసిసిపిలో కారు ప్రమాదంలో చనిపోతే, తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోకపోవడం వల్లే చనిపోయిందని ఒక కథనం పత్రికలో వచ్చింది. అది నిజం కాదని తర్వాత తేలినా, దశాబ్దాలపాటు జనం ఆ చావునే చెప్పుకున్నారు. సమాధి మీద 1970 దాకా రాయి కూడా లేదు.

లలిత చావు కథ నిజమే, కట్టుకథ కాదు. అయినా ఫలితం ఒకటే. అమరురాలి ఫొటోకు దండ పడుతుంది, గాయనికి చరిత్రలో చోటు దొరకదు. 2002 తర్వాత ధూంధాం వేదికలు తెలంగాణ అంతా ఊపాయి. అక్కడి నుంచి మనం గుర్తుపెట్టుకున్న పేర్లు లెక్కపెట్టండి. విమలక్కలాంటి ఒకరిద్దరిని తీసేస్తే అన్నీ మగ పేర్లే.

ఏంజెలా డేవిస్ 1998లో మా రైనీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేల మీద పుస్తకం రాసింది. పాటలను ఒక్కొక్కటిగా విని, మాటలు ఎక్కించుకుని, మొగుడి దెబ్బలు, రైలెక్కి పారిపోవడం, అద్దె కట్టలేకపోవడం కూడా రాజకీయమేనని చూపించింది. ఆమెకు వినడానికి గ్రామఫోన్ రికార్డులున్నాయి. లలితక్క మీద అట్లాంటి పని చేయాలంటే ఆమెతో కలిసి పాడినవాళ్లు, మిల్లులో పక్కన నిలబడ్డవాళ్లు ఉన్నప్పుడే చేయాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులారా, పీహెచ్‌డీకి అంశం దొరకడం లేదని నాకు ఫోన్ చేయకండి ఇక.

మన సంగతికి వస్తే, థింసాలో తుడుము, డప్పు, మోరి మగవాళ్ల చేతుల్లో ఉంటాయి. ఆడవాళ్లు నడుము పట్టుకుని అడుగు వేస్తారని పర్యాటక శాఖ బొమ్మల్లో చూస్తాం. ఆ ఆడవాళ్లకు గొంతు ఉన్నట్టు ఏ బొమ్మా చెప్పదు. ఇటుకల పండగకు దారికి కర్ర అడ్డం పెట్టి బండ్లు ఆపి పాడేది వాళ్లే. జోలాపుట్టు నీళ్ల కింద పోయిన ఊళ్లు ఏ ముసలమ్మ పాటలో ఉన్నాయో వెతకండి. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు పాడినామె పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చిందో ముందు ఆమెతోనే చెప్పించండి. వీడియో పైకి పెట్టాలంటే ఆమెను అడగండి. పోయినసారి ముగ్గురు పంపారు, ఒక్కదాంట్లోనూ పేరు లేదు.

ఏడో భాగం వచ్చే ఆదివారం.