ఎనుక సెన్సర్ మొరగకుంటే నాలుగూ మార్చాల్నా? ముందుగాల ఇంటికాడ చూసుకోండ్రి

సోమవారం వచ్చిందంటే వేములవాడ రాజన్న గుడి చుట్టు కారు తిప్పుడే కష్టం. శివరాత్రికి, సమ్మక్క జాతర ముంగట అయితే ఇగ చెప్పే పనే లేదు. మొక్కు కోడెలు ఒకదిక్కు, గుండు కొట్టించుకున్న పిల్లలు ఒకదిక్కు, కొబ్బరికాయల బండ్లు ఒకదిక్కు. అసొంటి జాగల కారు ఎనుకకు తియ్యాలంటే బంపర్‌ల గుండీల లెక్క ఉండే సెన్సర్లు పనిచెయ్యాలె. అవి చెడిపోతే మాత్రం చానా మంది రెండే పనులు చేస్తున్నరు. అయితే అట్లనే నడుపుడు, లేకుంటే దుకాణపాయన చెప్పినట్టు సెట్టు మొత్తం మార్చుడు. ఈ రెండిటి నడుమ ఇంకో తొవ్వ ఉన్నది. చెడింది ఏదో ముందు ఎరుక చేసుకునుడు.

కొత్త కార్లకు ఎనుక సెన్సర్లు ఉండాల్సిందేనని కేంద్ర సర్కారు 2019 జులై 1 నుంచి రూలు పెట్టింది. మంచిదే. కాని సామాను తప్పనిసరి చేసినోళ్లు దాన్ని బాగు చేసుకునే ఇల్మ్ జనానికి అందియ్యలే. అందుకే నేను ఇది రాస్తున్న.

ఇది పనిచేసే తీరు సాదాగనే ఉంటది. ఒక్కో సెన్సర్ సుమారు 40,000 హెర్ట్జ్ సప్పుడు ఇడుస్తది. మన చెవి 20,000 దాటితే వినలేదు. ఆ సప్పుడు ఎనుక ఉన్న గోడకు తాకి మర్లి వస్తది. ఎంతసేపట్ల వచ్చిందో లెక్కగట్టి డబ్బా దూరం చెప్తది. గోడ మీటరు దూరంల ఉంటే పోయి వచ్చేటందుకు సెకండుల వెయ్యో వంతులు ఆరు పడ్తయి, అంతే. అంటే ముచ్చట నాలుగు తావుల ఉన్నది: సెన్సర్, వైరు, డబ్బా, కరెంటు. చెడితే వీటిల్లనే చెడాలె.

పనికి దిగే ముందు జాగ్రత్త. సాపు నేల మీద బండి ఆపి హ్యాండ్‌బ్రేక్ గుంజుండ్రి, టైర్లకు ముందు ఎనుక రాళ్లు పెట్టుండ్రి. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండ తాళంచెయ్యి ఆన్‌ల పెట్టి రివర్స్ గేర్ వెయ్యాలె. ఆటోమేటిక్ బండి అయితే ఇంకొకలు బ్రేక్ తొక్కి పట్టుకోవాలె.

మొదటిది, ఎనుక తెల్ల లైటు ఎలుగుతుందా చూడుండ్రి. బయట బిగించిన సెట్లకు చానావాటికి ఆ లైటు వైరు నుంచే కరెంటు పోతది. లైటే రాకుంటే తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు. ఫ్యూజో, గేరు కాడి స్విచ్చో, బల్బో చూడాలె. ఫ్యూజు పోతే అదే నంబరుది వెయ్యాలె. తీగ చుట్టి నడిపియ్యొద్దు, మంటలు లేస్తయి.

రెండోది, కడుగుడు. ఎండిన మట్టి, బురద ఉంటే సెన్సర్ ఊకెనే మొరుగుతది, లేకుంటే మూగది అయితది. మెత్తటి బట్ట నీళ్లల్ల ముంచి తుడువుండ్రి. ప్రెషర్ పైపు దగ్గర పెట్టి కొట్టొద్దు. బంపర్‌కు మళ్ల రంగు ఏపిస్తే సెన్సర్ మీద దళసరిగ పడ్డదా చూడుండ్రి. వంగిన నంబరు ప్లేటు, ఎనుక బిగించిన హుక్కు సుత తప్పుడు మొరుగుడుకు కారణమే.

మూడోది, చెవి. రివర్స్ గేర్‌ల ఉన్నప్పుడు ఒక్కో సెన్సర్ కాడ చెవి పెట్టుండ్రి. పనిచేసేది సన్నగ టిక్ టిక్ అంటది, వేలు పెడితే సుత తెలుస్తది. మిగిలినయి టిక్కుమంటుంటే ఒక్కటే సైలెంట్‌గ ఉంటే, అనుమానం దాని మీదనో దాని వైరు మీదనో.

నాలుగోది, అదలుబదలు. తాళంచెయ్యి తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు ఇప్పి, మూగ సెన్సర్‌ను పక్క దానితోని మార్చుండ్రి. రెండిటి మీద పార్టు నంబరు ఒక్కటే ఉండాలె. తప్పు సెన్సర్‌తోని పాటు పక్క జాగకు పోతే చెడింది సెన్సర్. ఉన్న జాగలనే ఉంటే వైరో, కనెక్టరో, డబ్బానో. కనెక్టర్‌ల పచ్చ చిలుము ఉన్నదా, ఎలుకలు వైరు కొరికినయా చూడుండ్రి. మళ్ల బిగించేటప్పుడు రబ్బరు రింగు మరువొద్దు, మీది దిక్కు మీదికే ఉండాలె. బంపర్ క్లిప్పులు బలంగ గుంజితే ఇరుగుతయి. చేతగాదు అనిపిస్తే అక్కడ ఆగి మెకానిక్‌ను పిలువుడే మంచిది. వారంటీల ఉన్న బండి వైర్లు మాత్రం కొయ్యొద్దు.

ఇంత చూసి దుకాణానికి పోతే మాట మారుతది. "ఎడమ దిక్కు రెండోది పోయింది, అదొక్కటే మార్చు, పాతది నా చేతికియ్యి" అని అడగొచ్చు. ఇది బతిమిలాడుడు కాదు, హక్కు. విడిభాగాలు, చెకింగ్ సామాన్లు బయటి మెకానిక్‌లకు దొరకకుంట చేస్తున్నరని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టుల 14 కార్ల కంపెనీలకు రూ. 2,500 కోట్లకు పైగ జుర్మానా ఏసింది. కంపెనీలు కోర్టులకు పోయినయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైల 'రైట్ టు రిపేర్' కమిటీ ఏసి, అదే యేడు డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. అన్యాయం జరిగిందనిపిస్తే 1915కు ఫోన్ చెయ్యొచ్చు. మనం అడగకుంటే ఇయన్ని కాయితాల మీదనే ఉంటయి.

బాగయినంక పరీక్షకు అట్టపెట్టెనో, ప్లాస్టిక్ కుర్చీనో పెట్టుండ్రి. పిల్లలను మాత్రం నిలబెట్టొద్దు. మంచిగున్న సెన్సర్ సుత అన్నిటిని పట్టలేదు. సన్నటి కట్టె, బంపర్ కింద కూసున్న పిల్లగాడు, మెత్తటి బట్టలు దానికి దొరకకపోవచ్చు. అందుకే మొరిగినా మొరగకపోయినా, బండి ఎక్కే ముందు ఎనుకకు నడిచిపోయి ఒక్కపారి కండ్లతోని చూసుడు మాననేవద్దు.