మొలకధాన్యపు పరీక్ష

వంశవృక్షములును, బిరుదములును, దానశాసనములును మాత్రమే చరిత్రమని తలంచుట మనలో నొక వాడుక. పొలమునుండి వచ్చిన గింజను చేతబట్టి యిది మంచిది, యిది చెడ్డది యని తీర్పు చెప్పిన మన పెద్దల నేర్పుకూడ చరిత్రమే యని మా నమ్మకము. అందుచే నీ వార్షిక సంచికయందు మొలకధాన్యపు పరీక్షనుగూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

గింజను నానబెట్టి, మొలకెత్తించి, తగిన సమయమున నెండబెట్టినచో దానిని మాల్టు అందురు. బీరునకు మూలము యవల మాల్టు. ఈ విద్య పాశ్చాత్యులదే యనుకొనరాదు. సౌత్రామణి యాగమునకు వలయు సురను చేయుటలో మొలకెత్తిన యవలను వాడినట్లు బ్రాహ్మణగ్రంథములు చెప్పుచున్నవి. వానికి తోక్మములని పేరు. ఇంగ్లండులో 16వ శతాబ్దమున విలియం హారిసన్ అను మతాచార్యుడు మంచి మాల్టు గుర్తులను వ్రాసియుంచెను. గింజ పసుపువన్నె గలిగి గట్టిగా నుండవలెను; నడుమ కొరికి గీసినచో సుద్దవలె గీత పడవలెను. 1833లో ఫ్రాన్సుదేశపు రసాయనజ్ఞులు పాయెన్, పెర్సోజ్ అనువారు మాల్టునుండి యొక ద్రవ్యమును వేరుచేసి, గింజలోని పిండిని చక్కెరగా మార్చునది యిదియేయని చూపి, దానికి డయాస్టేస్ అని పేరిడిరి. కన్నును పన్నును చెప్పుచుండిన దానికి కారణ మప్పటికి తెలిసినది.

ఆంగ్లేయుల కాలమునుండి విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరప్రాంతమునకు యవలు పంట కాదు. మన మాల్టుధాన్యము చోడి. అన్యప్రాంతములవారు రాగులనియు, తైదలనియు పిలుచునది యిదియే. ఊరిపేరులో చోడి యున్నదని కథ కల్పించుట మాకిష్టము లేదు. పొలములో నుండినది చాలును. మాడుగుల దాటి ఘాటు నెక్కి పాడేరు మన్యమునుండి కోరాపుట్టువైపు పోయినచో, కొండవారు చోళ్లతోను బియ్యముతోను లందా యను పులిసిన పానీయమును చేయుట కలదు. మైదానమున మన యిండ్లలో నదే చోడి అంబలియైనది. మొలకపిండియై పసిబిడ్డల జావ యైనది.

మన తల్లులు ఈ పిండికి గింజను పరీక్షించు విధ మిట్టిది. చోళ్లను నీట పోసి తేలిన తాలును తీసివేయుదురు. రాత్రి నానిన గింజను తడిబట్టలో మూటగట్టి, మఱునాడు విప్పి చూతురు. మొలక లన్నియు నొక్కటిగా రావలెను. కొన్ని మొలిచి కొన్ని మొలవనిచో గింజ పాతదనియో, చెమ్మ తగిలినదనియో నెఱుంగుదురు. మొలక మిక్కిలి పొడవైనచో గింజలోని సారమును తానే తినును. వాసన తీయగా నుండవలెను. ముక్కవాసన గాని బూజు గాని యున్నచో నా గింజను బిడ్డకు పెట్టరు. ఎండిన పిమ్మట చేత నలిపినచో మొలకలు రాలవలెను. పంట కొరికినచో గింజ పుటుక్కున విరుగవలెను. మెత్తగా నణగినచో నింకను తడి యున్నదన్నమాట. పెండ్లిలో అంకురార్పణమునాడు పాలికలలో నవధాన్యములను మొలిపించువారికి, గింజ ప్రాణము మొలకతోనే తెలియునని వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

అన్నిటికంటె గొప్ప పరీక్ష కుండలోనిది. చిక్కగా కాచి గోరువెచ్చనైన జావలో చెంచాడు మొలకపిండి కలిపినచో, కొంతసేపటికి జావ పలుచనగును. డయాస్టేస్ చేయు పని యిదియే. పలుచనగుటచేత కడుపు చిన్నదైన బిడ్డకు ఆ కొలతలోనే ఎక్కువ ధాన్యము పెట్టవచ్చును. కమ్మదనమునకై పిండిని మాడ వేయించినచో నీ శక్తి పోవును. బీరు చేయువారు రంగునకై వాడు నల్లమాల్టుకును ఆ శక్తి లేదు. 1980 దశాబ్దమున మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో మల్లేషి, దేశికాచార్ గారలు చిరుధాన్యముల మాల్టును పరీక్షించి, చోడి యోగ్యతను స్థాపించిరి. విజయనగరము పరిశోధనస్థానము చంపావతి, శ్రీచైతన్య మున్నగు చోడి రకములను మన కొసగినది.

మద్యమును ప్రోత్సహించుట మా యుద్దేశము కాదు. అనుమతి లేక ఇంట మద్యము తయారుచేయుట నేరమని చట్టము. మా విచారము వేఱు. నేడు పొట్లములో వచ్చు పిండిని చూచి గింజ పాతదో క్రొత్తదో, మొలిచినదో లేదో యెవ్వరు చెప్పగలరు? తల్లి పన్ను, ముక్కు, చేయి మూడును పనిలేక మూలబడినవి. 2023 సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య వత్సరముగా ప్రకటించినది. ధాన్యమునకు గౌరవము వచ్చినది గాని, దానిని పరీక్షించు విద్యకు రాలేదు.

కావున మహాసభవారికి మా విన్నపము: ప్రతి గ్రామమున వృద్ధస్త్రీల నోటినుండి యీ పద్ధతులను వ్రాయించి మఱుసటి సంచికయందు ప్రకటింపుడు. పోషకులు చందాలతో భవనములు కట్టించుచున్నారు. ఆ భవనమున నొక నాడు పెద్దమ్మల నందఱను పిలిచి, పడుచులచేత గింజ కొఱికించినచో, ఆ వ్యయమునకు మించిన ఫలము కలుగునని మేము మనవి చేయుచున్నాము.