కొంటా దగ్గర 150 అడుగుల గీత

శబరి ఒడ్డున ఉన్న కొంటా ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణపు కొస. ఏటికి అవతల ఒడిశాలోని మోటు, దిగువన ఆంధ్రప్రదేశ్. ఈ ఊరి భవిష్యత్తు మాత్రం ఎప్పుడూ రాజధానుల మధ్య బేరంలోనే తేలింది.

1980 ఏప్రిల్ 2న ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వాలు పోలవరంపై ఒప్పందం చేసుకున్నాయి. బచావత్ ట్రైబ్యునల్ అదే ఏడాది దాన్ని తన తీర్పులో చేర్చింది. వెనుకజలాల ప్రభావంతో సహా కొంటా, మోటుల వద్ద ముంపు 150 అడుగుల మట్టాన్ని మించరాదన్నది అందులోని కీలక షరతు. కరకట్టలా, పరిహారమా అన్న ఎంపిక ఎగువ రాష్ట్రాలకే దక్కింది. మధ్యప్రదేశ్‌కు 1.5, ఒరిస్సాకు 5 టీఎంసీల నీరు కేటాయించారు.

ఒప్పందం నిలిచింది, పక్షాలే మారాయి. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడటంతో మధ్యప్రదేశ్ సంపాదించిన హామీ కొత్త రాష్ట్రానికి వారసత్వమైంది. స్పిల్‌వే రూపకల్పనకు ప్రాతిపదికైన వరద 36 లక్షల నుంచి 50 లక్షల క్యూసెక్కులకు పెరిగింది. 2007లో ఒడిశా, 2011లో ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టులో దావాలు వేశాయి. 2014లో ప్రాజెక్టు జాతీయ హోదా పొందింది; ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి; తెలంగాణ నాలుగో పక్షమైంది.

ఈ నలుగురూ కూర్చోవలసిన చోటు ఏది? 1956 నాటి ప్రాంతీయ మండళ్లలో ఛత్తీస్‌గఢ్ మధ్య మండలిలో, ఒడిశా తూర్పు మండలిలో, రెండు తెలుగు రాష్ట్రాలు దక్షిణ మండలిలో ఉన్నాయి. నది ఒకటే, మండళ్లు మూడు. 1990లో ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి పదో సమావేశం 2006లో జరిగితే, పదకొండోది 2016లో గాని జరగలేదు.

జర్మనీ రాష్ట్రాలు ఇలాంటి లోటును ముందే గుర్తించాయి. ఐరోపా సమాఖ్యకు అధికారాలు తరలిపోతున్న వేళ, 1992లో రాజ్యాంగంలో కొత్త 23వ అధికరణను చేర్పించుకున్నాయి. ఐరోపా వ్యవహారాల్లో తమ ప్రయోజనాలు ముడిపడిన చోట అవి బుందెస్రాట్‌లో ఉమ్మడి వైఖరి తేల్చుకుంటాయి; కేంద్రం దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. అక్కడ సంప్రదింపు రాష్ట్రాల హక్కు. ఇక్కడ అది ఢిల్లీ పిలుపు మీద ఆధారపడిన మర్యాద.

అందుకే 2022 సెప్టెంబరులో సంబంధిత రాష్ట్రాలన్నిటితో సమావేశం జరపాలని కేంద్ర జలశక్తి శాఖకు సుప్రీంకోర్టే చెప్పవలసి వచ్చింది. 1980 నాటి సంతకందారుల్లో రెండు రాష్ట్రాలు ఆ తర్వాత విడిపోయాయి. కొంటా వద్ద 150 అడుగుల గీత మాత్రం అక్కడే ఉంది. దాన్ని కలిసి కాపాడే వేదికే ఇంకా ఏర్పడలేదు.