అంకితం, జ్ఞాపకం: మక్తల్ సరిహద్దున రెండు గానసంప్రదాయాలు

కృష్ణానదికి ఉత్తరాన మక్తల్, దక్షిణాన రాయచూరు సీమ. ఆ సీమలోని మాన్వికి చెందిన జగన్నాథదాసు (1728–1809) కన్నడ దాసపరంపరలో ప్రముఖుడు. ఆయన పదాల చివర ‘జగన్నాథవిఠల’ అనే అంకితం ఉంటుంది. గాయకులు మారినా ఆ అంకితం కర్తను తెలుపుతూనే ఉంటుంది.

పాలమూరు కిన్నెరగానంలో అటువంటి ముద్ర లేదు. వెదురు, సొరబుర్రలతో చేసిన పన్నెండు మెట్ల కిన్నెరను మీటుతూ గాయకుడు పండుగ సాయన్న వంటి వీరుల కథలను వినిపిస్తాడు. ఆ పాఠానికి ఆధారం గాయకుని జ్ఞాపకం, ఎదుట కూర్చున్న శ్రోతలు. కర్తృనామాన్ని బట్టి రచనను గుర్తించే సాహిత్యచరిత్రలో ఇటువంటి పాఠానికి చోటు దొరకదు.

2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ లభించింది. అది కళాకారునికి దక్కిన గుర్తింపు. పాఠానికి కూడా అది దక్కాలంటే ప్రతి ప్రదర్శననూ ఒక పాఠాంతరంగా లిఖించి పరిశీలించవలసి ఉంటుంది.