పాత సైకిళ్ల పునరుద్ధరణ: పెద్దాపురం, గోదావరి ప్రాంతం

మూలపడిన పాత సైకిలును దాని కాలానికి తగిన భాగాలతో, అప్పటి కొలతలతో మళ్లీ తొక్కే స్థితికి తేవడమే పునరుద్ధరణ. ఇంగ్లండులో ఇది సేకర్తల వ్యాసంగంగా పెరిగింది. పెద్దాపురం వంటి ఊళ్లలో దీని మూలాలు సైకిల్ షాపులో ఉన్నాయి. ‘ఓవరాయిలింగ్’ పేరుతో సైకిలును పూర్తిగా విప్పడం, బాల్స్‌ను కిరసనాయిలులో కడగడం, గ్రీజు పెట్టి మళ్లీ బిగించడం ఇక్కడి మేస్త్రీలకు మామూలు పని. మన దగ్గర ఈ విద్యకు వారసులు ఆ మేస్త్రీలే.

పునరుద్ధరణలో కష్టమైనదీ విలువైనదీ చక్రం కట్టడం. కోవెంట్రీకి చెందిన జేమ్స్ స్టార్లీ 1874లో స్పోకులను హబ్బు నుంచి నేరుగా కాక, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటేలా అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. పెడలు తొక్కిన బలం హబ్బును మెలిపెడుతుంది. ఏటవాలు స్పోకు ఆ మెలికను లాగుడుగా మార్చి రిమ్ముకు అందిస్తుంది. అతని సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చిన ‘రోవర్’ సైకిలుతో నేటి రూపం స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది.

తెలుగు నేలకు మొదట చేరినవి బ్రిటిష్ బండ్లే: నాటింగ్‌హామ్ రాలీ, బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్, వాటితో పాటు హంబర్, రడ్జ్. 1915లో మునిసిపాలిటీ అయిన పెద్దాపురం మెట్ట, డెల్టా కలిసే అంచున ఉంది. రైలెక్కాలంటే సామర్లకోట వెళ్లాలి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చిన కాలువ గట్లు, చదునైన నేల సైకిలుకు అనువైనవి. పట్టు నేసే ఊరికి నూలు, బట్టల మూటలు మోసే సాధనం అవసరం కూడా. పెళ్లికొడుకుకు వాచీతో పాటు సైకిలు పెట్టే రోజుల్లో రాలీ ఉన్న ఇంటికి ఒక హోదా ఉండేది. పట్టణాల్లో సైకిలుకు ఏటా పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవాల్సి వచ్చేది. పాత హ్యాండిలుకు అలాంటి బిళ్ళ ఇంకా వేలాడుతుంటే దాన్ని తీసి పారేయకూడదు, అది ఆ బండి చరిత్రలో భాగం.

స్వాతంత్ర్యం తర్వాత దేశీయ తయారీ ఊపందుకుంది. మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ (1949), అసన్‌సోల్‌లో సేన్-రాలీ, సోనీపట్‌లో అట్లాస్ (1951), లూధియానాలో హీరో (1956) వచ్చాయి. అప్పట్లో సైకిళ్లు చాలావరకు విడిభాగాలుగానే షాపులకు చేరేవి. రిమ్ము, హబ్బు, స్పోకుల కట్ట వేరువేరుగా వస్తే చక్రాన్ని షాపులోనే కట్టేవారు. ఆ సైకిళ్లలో ఎన్నింటికో చక్రం చేతి పనే.

28 అంగుళాల ఈ సైకిళ్లకు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 స్పోకులు. బరువంతా వెనక పడుతుంది కనుక ఆ తేడా. వెనక హబ్బుకు చెరో వైపు 20 స్పోకులు, ఒక దాని తల లోపలికి, పక్కదాని తల బయటికి ఉండేలా దూర్చి, సాధారణంగా నాలుగేసి స్పోకులను దాటించి అల్లుతారు. స్పోకుల చివరి నిపిళ్లన్నీ సమానంగా ఎక్కించాక అసలు పని మొదలవుతుంది. చక్రం పక్కకు ఊగితే ఎదుటి వైపు స్పోకులు బిగించాలి లేదా ఇటువైపువి వదులు చేయాలి. పైకీ కిందికీ ఎగిరితే రెండు వైపులా కలిపి సర్దాలి. ఇదే బెండు తీయడం. రిమ్ము యాక్సిల్ నట్ల మధ్యకు సరిగ్గా రావాలి, హబ్బు చెవుల మధ్యకు కాదు. స్టాండు లేకపోతే సైకిలును తలకిందులు చేసి, ఫోర్కు పక్కన సుద్ద ముక్క ఆనించి చక్రం తిప్పుతారు. గీత పడిన చోటే వంకర. అనుభవమున్నవాళ్లు స్పోకులను వేలితో మీటి, చప్పుడును బట్టి బిగువు చెబుతారు. బిగువు సమంగా లేని చక్రం ఆ రోజు సూటిగా తిరిగినా నెల తిరగకుండా వంగుతుంది.

పనిముట్లు కొన్నే, కానీ బదులు ఉండదు: నిపిల్ కీ, కోన్ బిగించే పలచని స్పానరు, ఫ్రీవీలు విప్పే సాధనం, పెడలు కడ్డీలను పట్టి ఉంచే కాటర్ పిన్నును నెట్టే ప్రెస్సు. ఆ పిన్నును సుత్తితో బాదితే లోపలి యాక్సిల్, కప్పులు దెబ్బతింటాయి. పాత సైకిళ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. ముందు హబ్బుకు 3/16 అంగుళం బాల్స్, వెనక హబ్బుకూ పెడలు యాక్సిల్‌కూ పావు అంగుళంవి. రాలీ తన భాగాలకు అంగుళానికి 26 మరలు వాడింది. మిగిలిన బ్రిటిష్ కంపెనీలు ఎక్కువగా 24 వాడాయి. తెలియక బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేమే పాడవుతుంది.

బండి ఏదో తేల్చడానికి స్టిక్కర్లను నమ్మరాదు. చైన్ చక్రంలో కొంగ తలలు కోసి ఉంటే రాలీ, జంట గొట్టాల ఫోర్కు ఉంటే సాధారణంగా హంబర్. స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు మీద తయారైన సంవత్సరం ముద్రించి ఉంటుంది. రాడ్ బ్రేకుల రబ్బర్లు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటాయి కనుక దానికి వెస్ట్‌వుడ్ రకం రిమ్మే కావాలి, కొత్త రకం పనికిరాదు. రంగు విషయంలో సేకర్తల మధ్య వాదం ఉంది. పాత నల్ల ఎనామిల్, బంగారు గీతలు సగమైనా మిగిలి ఉంటే వాటిని తుడిచి, నూనె పట్టించి ఉంచడమే సరైనది. కొత్త రంగు వేసిన బండి మెరుస్తుంది గాని సాక్ష్యంగా మిగలదు.

మోపెడ్లు, తర్వాత మోటారు సైకిళ్లు రావడంతో అద్దె సైకిళ్ల షాపులు తగ్గాయి. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం మూతపడింది. మరోపక్క పుణెలో విక్రమ్ పెండ్సే సైకిల్ మ్యూజియం ఈ బండ్లను జనానికి చూపిస్తోంది. గోదావరి ప్రాంతంలో పునరుద్ధరణకు కావలసిన సరుకు ఇళ్ల చూరుల కిందా, పాకల్లోనూ ఉంది. ఇనప కొట్టుకు వేసేముందు హబ్బు మీది ముద్ర, చైన్ చక్రం చూడండి. ఊళ్లో చక్రం కట్టగల మేస్త్రీ ఇంకా ఉంటే, ఆ పని ఆయన చేతే చేయించి, పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టండి.