జావాస్క్రిప్ట్‌లో ‘దిస్’: ఒక పరిశీలన

సమాచారాన్నీ దానిపై పనిచేసే ఫంక్షన్లనూ ఒకచోట కూర్చిన ఆబ్జెక్ట్, తన్ను తాను పేర్కొనే పద్ధతి పాతదే. ఓస్లోలో డాల్, నీగార్డ్ రూపొందించిన సిములా 67 భాషలో ‘దిస్’, జెరాక్స్ పార్క్‌లో రూపుదిద్దుకున్న స్మాల్‌టాక్‌లో ‘సెల్ఫ్’ ఉన్నాయి. 1987 నాటి హైపర్‌టాక్‌లో ఒక బటన్‌కు రాసిన స్క్రిప్టులో ‘మి’ అంటే ఆ బటనే. వీటిలో అయోమయానికి తావు లేదు.

అయోమయం జావాస్క్రిప్ట్‌తో మొదలైంది: అందులో ఫంక్షన్‌ను పిలిచే తీరును బట్టి ‘దిస్’ మారుతుంది. 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ తొలి నమూనాను పది రోజుల్లో ముగించడమే ఇందుకు కారణమని చెప్పడం పరిపాటి. అప్పటికే రాసిన పేజీలు దెబ్బతినకూడదన్న జాగ్రత్త ఉండి ఉండవచ్చు గాని, ఆ భాషకు 1997లో వచ్చిన తొలి ఎక్మా ప్రమాణం ఆ ప్రవర్తనను నియమంగానే స్థిరపరచినందున తొందర ఒక్కటే కారణమనడం పొసగదు. అసలు కారణం రెండు సంప్రదాయాల కలయిక: ఆనాటి జావాలో మెథడ్‌ను, అంటే ఆబ్జెక్ట్‌కు చెందిన ఫంక్షన్‌ను, ఆబ్జెక్ట్ నుంచి విడదీసే వీలు లేదు కనుక ‘దిస్’ స్థిరంగా నిలిచింది, స్కీమ్ భాష నుంచి వచ్చిన ఫంక్షన్ మాత్రం ఎవరి చేతికైనా ఇవ్వదగిన విలువ. ఒక ఆబ్జెక్ట్‌లోని ‘లెక్క’ను ఒకటి పెంచే మెథడ్‌ను బటన్ క్లిక్‌కు అప్పగిస్తే ‘దిస్’ ఆ బటన్ అవుతుంది. కొంతసేపటి తర్వాత ఫంక్షన్‌ను పిలిచే సెట్‌టైమవుట్‌కు అప్పగిస్తే బ్రౌజర్ విండో అవుతుంది, అక్కడ ‘లెక్క’ లేకపోయినా దోషసూచన రాదు, సంఖ్య కాదని తెలిపే ‘నాన్’ విండోలో చేరిపోతుంది. అయితే ఫంక్షన్ విలువ కావడమే దోషమనలేము. 1991లో వెలువడిన పైథాన్‌లోనూ మెథడ్ విలువే, కాని ఆబ్జెక్ట్ నుంచి తీసుకున్నప్పుడు అది తన ఆబ్జెక్ట్‌ను వెంట తెచ్చుకుంటుంది, ‘సెల్ఫ్’ మొదటి పారామీటర్‌గా బహిరంగంగా కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో లోపించినది ఆ బంధమే.

2009 ప్రమాణం ఫంక్షన్‌కు ‘దిస్’ను ముందే కట్టిపెట్టే ‘బైండ్’ను, విడిగా పిలిచిన ఫంక్షన్‌లో ‘దిస్’ను విండోకు మళ్లించని స్ట్రిక్ట్ మోడ్‌ను ఇచ్చింది. చుట్టూ ఉన్న కోడ్ నుంచే ‘దిస్’ను గ్రహించే 2015 నాటి యారో ఫంక్షన్ నిజమైన దిద్దుబాటు. అదే ఏడు వచ్చిన ‘క్లాస్’ గురించి అలా చెప్పడం కష్టం: చూపుకు జావాలా ఉన్నా, దాని మెథడ్‌ను విడదీసి పిలిస్తే ఆబ్జెక్ట్ జారిపోతూనే ఉంటుంది, పైగా ఆ సంగతి మరుగున పడుతుంది. అందుచేత జావాస్క్రిప్ట్ బోధించేవారు క్లాస్ కంటే ముందు, ఫంక్షన్‌ను పిలిచే తీరే ‘దిస్’ను నిర్ణయిస్తుందన్న నియమాన్ని చెప్పాలి.